పసుపు నడికట్టు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: అత్తగారు అచ్చాయమ్మ, మావగారు సూర్యారావు, చుట్టపుచూపుగా వచ్చిన సూర్యారావు అప్పగారు నరసాయమ్మ, ఆవిడ భర్త వెంకన్న, ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే కొడుకు గంగాధరం, అతని భార్య సత్యవేణి, సత్యవేణి కడుపులో అయిదో నెల బిడ్డ. వీళ్ళు కాక, హాల్లో టీవీ పక్క గూట్లో ఒక దీపం. ఆ దీపాన్ని ఇంట్లో అందరూ మనిషి కిందే లెక్కవేసేవారు. పొద్దున్నే లేచి దాని మొహం చూసేవారు. అన్నాలకు కూర్చునే ముందు మళ్ళీ చూసేవారు. ఎవరైనా గుమ్మంలో నిలబడి "కోడలెలా ఉందండీ?" అని అడిగితే నోటితో జవాబు చెప్పకుండా వేలు పెట్టి దాన్ని చూపించేవారు.

దీపం ఆకుపచ్చగా ఉంటే తల్లీబిడ్డా క్షేమం. నారింజ రంగుకు తిరిగితే తల్లి అలిసిపోయింది, నడుం వాల్చాలి. ఎర్రబడిందంటే గర్భసంచి బిగుసుకుంటోంది, నెలలు నిండకుండానే నొప్పులు వస్తున్నాయి, పరుగెత్తాలి. ఆ సంగతి దీపానికి చెప్పేది సత్యవేణి నడుముకున్న పసుపురంగు నడికట్టు. గుడ్డలోపల జొన్నగింజలంత బిళ్ళలు వరసగా కుట్టి ఉంటాయి. అవి చర్మం పైనుంచే లోపలి కండరం కదలికను, తల్లి గుండె వేగాన్ని పసిగట్టి, నేర్చుకునే యంత్రానికి అందిస్తాయి. అంతకుముందు కొన్ని వందలమంది తల్లుల కడుపుల్లో ఏం జరిగిందో చూసి నేర్చుకున్న ఆ యంత్రం, ఈ తల్లి కడుపులో ఏం జరగబోతుందో రంగుతో చెబుతుంది.

"మా చూడిగేదెక్కూడా ఒకటి కట్టించకూడదా అమ్మాయ్? అదీ రాత్రుళ్ళు ఊరికే అరుస్తోంది," అన్నాడు వెంకన్న, కోడికూర వడ్డించుకుంటూ.

"గేదె నయం. నీకు కట్టాలి. ఎంత తిన్నా నారింజ రంగు రాదు నీకు," అంది నరసాయమ్మ.

అందరూ నవ్వారు. సత్యవేణీ నవ్వింది. నవ్వుకు పొట్ట కదిలి దీపం ఒక్క క్షణం నారింజకు తిరిగి మళ్ళీ పచ్చబడింది. అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని కోడల్ని లేవదీసింది. "నవ్వింది చాల్లే. వెళ్ళి పడుకో."

గంగాధరం కూడా వెనకాలే గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. బయట వాన పట్టింది. పోయినేడాది మూడో నెలలోనే ఒక బిడ్డ కడుపులో పోయాక, మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజునుంచి అతను భార్యకు జానెడు దూరంలో పడుకుంటున్నాడు. మంచం మీద ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక దిండు. మొన్న పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మను ధైర్యం చేసి అడిగింది సత్యవేణే. అంతా బాగుంది, భయం లేదు అని ఆవిడ నవ్వుతూ చెప్పింది. ఆ మాట భర్తకు చెప్పడానికి సత్యవేణికి నాలుగు రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం, వాన చప్పుడు చాటున, చెప్పింది. గంగాధరం ఆ దిండు తీసి కింద పెట్టాడు.

ఎన్నాళ్ళకో వాళ్ళిద్దరూ మళ్ళీ మొగుడూ పెళ్ళాలయ్యారు. అతను ఆమె చెవి దగ్గర ఏదో చెబుతున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. బతుకులో ఇంత సుఖంగా ఎప్పుడున్నానా అనుకుంటోంది.

అప్పుడు తలుపు మీద పిడుగు పడింది.

"తలుపు తియ్యండర్రా! ఎర్రబడింది! ఒరే గంగా! దీపం ఎర్రబడిందిరా!"

నరసాయమ్మ గొంతు. ఆ వెనక అచ్చాయమ్మ ఏడుపు. సూర్యారావు రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు. గంగాధరం చొక్కా తిరగేసి తొడుక్కుని గడియ తీశాడు. నలుగురూ ఒక్కసారిగా లోపలికి వచ్చి, మంచం మీద దుప్పటి గడ్డందాకా లాక్కున్న సత్యవేణిని చూశారు. తిరగేసిన చొక్కానూ చూశారు. వెంకన్న గొంతు సవరించుకుని వాన ఎంత పడుతోందో చూడ్డానికి బయటికి పోయాడు.

దీపం ఎర్రబడితే కబురు ఆ నడికట్టును తయారుచేసిన ప్రయోగశాలకు కూడా పోతుంది. కాసేపటికే కూతపెట్టుకుంటూ వ్యాను వచ్చి వీధిలో ఆగింది. గొడుగులేసుకుని వీధంతా వచ్చింది. వ్యానులోంచి దిగిన నర్సు నాడి చూసి, కడుపు తడిమి, గుండె చప్పుడు విని, "అంతా బాగానే ఉందండి. అయినా దీపం ఎందుకలా చెప్పిందో," అని తల గోక్కుంది. వ్యాను వెళ్ళేలోపే దీపం ఆకుపచ్చకు తిరిగింది. కానీ అచ్చాయమ్మ అప్పటికే కొడుకు పరుపు చుట్టి వీధి అరుగు మీద పడేసింది.

"ప్రసవమయ్యేదాకా నువ్విక్కడే పడుకోరా," అంది.

గంగాధరం తేలు కుట్టిన దొంగలా తలూపాడు.

*

ప్రయోగశాల ఊరి చివర మూతబడిన రైసుమిల్లులో ఉండేది. ఎన్ని రంగులు వేసినా వానాకాలం గోడలు ఊక వాసన కొట్టేవి. సత్యవేణి అక్కడే పని చేసేది. నడికట్టు కట్టుకున్న తల్లుల ఊళ్ళకు తిరగడం, యంత్రానికి అందిన గీతల్ని వాళ్ళు చెప్పిన మాటలతో సరిచూడ్డం ఆమె పని. నడికట్టు తన నడుముకే వచ్చిన రోజు తోటివాళ్ళు మిఠాయిలు పంచారు.

సోమవారం పొద్దున్నే పెద్దాయన భాస్కరం పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలు నెలలు నిండకుండా కాన్పయి దారిలోనే చచ్చిపోతే, ఆ కసితో ఈ నడికట్టును పుట్టించినవాడు. దీని పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఎందరో బిడ్డలు వేళకు ఆసుపత్రికి చేరి బతికారు. ఆ సంగతి సత్యవేణికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బిడ్డల్ని ఎత్తుకుని ఆడించింది తనే.

గోడ మీద తెరలో ఆమె కడుపు గీతలు కొండల్లా లేచి ఉన్నాయి. చుట్టూ అయిదుగురు మగవాళ్ళు ఆ కొండల్ని శ్రద్ధగా చూస్తున్నారు.

"ఇదిగో, ఇక్కణ్ణించి బిగుతు మొదలైందమ్మా," అన్నాడు భాస్కరం పెన్సిలుతో చూపిస్తూ. "పోను పోను పెరిగింది. తరవాత దానంతటదే సద్దుమణిగింది. రెండేళ్ళలో యంత్రం చూసిన వందల తల్లుల్లో, ఇలాంటి గీత నెలలు నిండని నొప్పులప్పుడు తప్ప ఇంకెప్పుడూ రాలేదు. ఆ టైములో నువ్వేం చేస్తున్నావు?"

సత్యవేణి చూపు నేలకు అతుక్కుపోయింది. చెవులు వేడెక్కాయి.

"నిద్రపోతున్నానండి."

భాస్కరం ఆ మాటను యంత్రానికి చెప్పాడు. తల్లి నిద్రలో ఉండగా, ఏ కారణమూ లేకుండా, గర్భసంచి బిగుసుకుంది. యంత్రం ఆ మాటను నమ్మింది. దానికి నమ్మకపోవడం తెలీదు.

"అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలమ్మా. ఇవాళ్టినుంచి నీ దీపం ముందుకన్నా తొందరగా ఎర్రబడేలా మారుస్తున్నాం. నడికట్టు విప్పకు. ఎలాగూ నువ్వొక్కదానివే విప్పలేవనుకో."

నిజమే. పాత నడికట్లకు మామూలు ముడి ఉండేది. కొందరు తల్లులు ఊరికే విప్పేస్తున్నారని, గీతల్లో ఖాళీలు వస్తున్నాయని, కొత్త నడికట్లకు తాళం పెట్టారు. అలాంటిది మొదట వచ్చింది సత్యవేణికే. స్నానానికి విప్పాలంటే రెండు బొటనవేళ్ళు ఆనించాలి. ఒకటి కట్టుకున్నామెది. రెండోది ఇంటి పెద్ద ఆడదానిది.

*

ఆ రోజునుంచి సత్యవేణి బతుకు కుడితిలో పడ్డ ఎలుకయింది. గంగాధరం డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిస్తే చాలు, ఆమె గుండె ఉరికేది. దీపం నారింజకు తిరిగేది. వంటింట్లోంచి అచ్చాయమ్మ దగ్గేది. మంచినీళ్ళ గ్లాసు అందించేటప్పుడు వేళ్ళు తగిలితే నారింజ. కిటికీలోంచి అరుగు మీద పడుకున్న అతని అరికాళ్ళు చూస్తే నారింజ. సూర్యారావు పేపరు చదువుతున్నట్టు పట్టుకుని దాని అంచుపైనుంచి దీపాన్నే చూసేవాడు. మొగుణ్ణి చూసి ఆడది ఎప్పుడు మురిసిందో, ఎంతసేపు మురిసిందో, ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది.

అతన్ని చూడకుండా ఉండడం నేర్చుకుంది. అతను వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేది. దీపం పచ్చగా ఉండేది. "చూశావా, ఎంత బాగుందో!" అని అచ్చాయమ్మ మెటికలు విరిచేది.

మొదట్లో గంగాధరం అరుగు మీంచి సైగలు చేసేవాడు. ఒకరోజు కిటికీ ఊచల్లోంచి తాటిముంజెలు అందించాడు. తరవాత అతనూ తగ్గించేశాడు. దీపం రంగు తన ఫోనులో కూడా కనబడేలా ప్రయోగశాల కుర్రాళ్ళ చేత పెట్టించుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో రెంచీ పక్కనే ఫోను నిలబెట్టుకుని పని చేస్తున్నాడని సూర్యారావు గొప్పగా చెప్పాడు. ఇప్పుడు అతను ఇంటికొచ్చి ముందు ఫోను చూసేవాడు. తరవాతే భార్యను.

సత్యవేణిని మాత్రం ఒక ప్రశ్న నిద్రపోనివ్వలేదు. రెండేళ్ళు. వందలమంది తల్లులు. అందరికీ మొగుళ్ళున్నారు. ఆ మధ్యాహ్నం తనకొచ్చిన గీత వాళ్ళలో ఒక్కరికైనా ఎందుకు రాలేదు? తన ఒంట్లోనే ఏదైనా లోపముందా? పోయిన బిడ్డ అందుకే పోయిందా?

కాలవగట్టు ఊరికి వెళ్ళిన రోజున, మొట్టమొదట నడికట్టు కట్టుకున్న మంగతాయారు ఇంటికి పోయింది. మంగతాయారు ఏడాదిన్నర కొడుకును పక్కన కూచోబెట్టుకుని రొయ్యలు వలుస్తోంది. అత్తగారు పొలం వెళ్ళింది. సత్యవేణి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నీళ్ళు నములుతూ అడగాల్సింది అడిగేసింది.

మంగతాయారు రొయ్యను వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మో! ఏం మాటండీ అది? తోరం కట్టుకుని ఎవరైనా మొగుడి దగ్గరికెళ్తారా? కళ్ళు పోవూ!"

"తోరమేంటి?"

"మీరే కదండీ కట్టారు, శ్రావణ శుక్రవారం, పసుపురాసి, కుంకుమబొట్టు పెట్టి! మొగుడి దగ్గరికెళ్ళే రోజు దాన్ని ముందు విప్పి అమ్మవారి పటం మేకుకి తగిలించేదాన్ని. పొద్దున్న తలంటుకుని మళ్ళీ కట్టుకునేదాన్ని. నేనొక్కదాన్నే అనుకుంటన్నారా? ఈ పేటలో అందరం అంతే. మీరేంటి, ఒంటి మీదే ఉంచుకున్నారా?" అని బుగ్గ నొక్కుకుంది.

సత్యవేణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండేళ్ళ కిందట నడికట్టు తెల్లగా ఉండేది. కట్టు గుడ్డలా ఉందని, జబ్బుమనుషులు కట్టుకునేదని ఊళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు. ఆ సంగతి ఇంట్లో చెబితే, అచ్చాయమ్మ బియ్యం ఏరుతూ, "పసుపు రంగేసి శుక్రవారం నాడు కట్టండే, చచ్చినా విప్పరు," అంది. భాస్కరం ఆ మాటకు ఎగిరి గంతేశాడు. ఒక్క నెలలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ నడికట్టు కట్టాయి. అచ్చాయమ్మ సలహా అని అందరూ మెచ్చుకున్నారు. దేవుడి వస్తువును ఎప్పుడు విప్పాలో ఆడవాళ్ళకు తెలుసన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. యంత్రం వందల కడుపుల్ని చూసింది. ఒక్క సంసారాన్నీ చూడలేదు.

*

మర్నాడు ప్రయోగశాలలో అందరూ టీకి వెళ్ళేదాకా ఆగి, భాస్కరం బల్ల ముందు నిలబడింది.

"సార్, ఆ రోజు నేను నిద్రపోలేదండి."

"మరి?"

"మా ఆయన... గదిలో ఉన్నారండి."

భాస్కరం కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. ఆయన మెడ ఎర్రబడింది. ఎరుపు చూపించడానికి ఆయనకు మాత్రం దీపం లేదు. సత్యవేణి ఒక్క గుక్కలో మంగతాయారు మేకు సంగతి కూడా చెప్పేసింది. చెప్పడం పూర్తయ్యేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"నాకు తట్టలేదమ్మా. ఇంతమందిమి ఉన్నాం... ఒక్కడికీ తట్టలేదు."

"అడగాల్సింది నేనండి. నేనూ అడగలేదు."

యంత్రానికి మళ్ళీ నేర్పాలంటే ఏడాది పడుతుందని ఆయన చెప్పాడు. సత్యవేణికి ఏడాది లేదు. అందుకని ఆ సాయంత్రమే తనను పరీక్ష చేసే డాక్టర్ ఫాతిమాగారిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

ఫాతిమాగారు హాల్లో కూర్చుని, అచ్చాయమ్మ ఇచ్చిన కాఫీ తాగి, దీపం కేసి ఒకసారి చూసి, గంగాధరాన్నీ లోపలికి పిలిచింది. సూర్యారావు లేచి పోబోతుంటే, "మీరూ కూర్చోండి బాబుగారూ. తలుపు బాదినవాళ్ళు కూడా వినాలి," అంది.

"అమ్మా, బిడ్డ లోపల నీళ్ళ సంచిలో పడుకుని ఉంటుంది. గర్భసంచి మూతికి జిగురుతో గట్టి బిరడా ఉంటుంది. భార్యాభర్తలు దగ్గరైతే బిడ్డకు ఏమీ తగలదు. ఆ తరవాత కడుపు కాసేపు బిగుస్తుంది. వొళ్ళు విరుచుకోవడం లాంటిది, అదే సర్దుకుంటుంది. అవి నొప్పులు కాదు. మాయ కిందికి ఉన్నవాళ్ళకి, రక్తం కనబడినవాళ్ళకి, ఉమ్మనీరు పోయినవాళ్ళకి, ముందు నెలలు నిండక కాన్పయినవాళ్ళకి నేనే వద్దని చెబుతాను. ఈ అమ్మాయికి అవేవీ లేవు. పొట్ట మీద బరువు పడకుండా, అమ్మాయికి ఎలా హాయిగా ఉంటే అలా. తనకి ఇష్టం లేని రోజు మానెయ్యండి. రక్తం కనబడినా, నొప్పి తగ్గకపోయినా వెంటనే నా దగ్గరికి రండి. అంతే."

"మరి పోయినేడు?" అన్నాడు గంగాధరం. ఆ ఒక్క మాటే అన్నాడు.

"అది పిండం సరిగ్గా ఏర్పడక పోయింది నాయనా. నువ్వు చేసిందేమీ లేదు. ఆ అమ్మాయి చేసిందీ లేదు."

గంగాధరం ఫోను తీసి దీపం రంగు చూసుకున్నాడు.

డాక్టరమ్మ వెళ్ళాక అచ్చాయమ్మ గుమ్మంలోనే కూర్చుంది. ఎవరినీ చూడకుండా, వీధితో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"వీడు కడుపులో ఉండగా మా అత్త ఈయన్ని చేపలచెరువు కాపలాకి తోలేసింది. కాన్పయ్యేదాకా మొహం చూపించలేదు. వీడు పుట్టాక ఇంటికొచ్చి, గుమ్మంలో నించుని, 'బాగున్నారా అండీ' అన్నాడు నన్ను. అండీ అన్నాడు! మళ్ళీ 'ఏమే' అనడానికి ఏడాది పట్టింది."

"ఇప్పుడవన్నీ ఎందుకే," అన్నాడు సూర్యారావు.

"నువ్వు నోర్ముయ్," అని లేచి, గూట్లో దీపం తీగ పట్టుకుని లాగేసింది. కోడల్ని దగ్గరికి పిలిచి, నడికట్టు తాళం మీద కోడలి బొటనవేలి పక్కన తన బొటనవేలు ఆనించింది. నడికట్టు విడిపోయింది. దాని కింద సత్యవేణి నడుం చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది. అచ్చాయమ్మ ఆ వాత మీద కొబ్బరినూనె రాసింది. రాస్తూ, "నేనేం చేశానో నాకు తెలీలేదే," అంది. అరుగు మీది పరుపు తనే మోసుకెళ్ళి గదిలో వేసింది.

మర్నాడు గంగాధరానికి పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. అచ్చాయమ్మ మొగుణ్ణి తీసుకుని, పని లేకపోయినా, బజారుకు బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ "చీకటి పడేదాకా రాం," అని రెండుసార్లు చెప్పింది. చుట్టాలు ఎప్పుడో ఊరెళ్ళిపోయారు. ఇల్లంతా ఖాళీ. సత్యవేణి తలదువ్వుకుని గదిలో కూర్చుంది. ఎవరూ చూడని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఆమె అప్పటికే మరిచిపోయి ఉంది.

గంగాధరం గదిలోకి వచ్చాడు. మంచం చివర కూర్చున్నాడు. ఫోను తీసి చూశాడు. అందులో రంగు లేదు. మళ్ళీ చూశాడు.

"ఆపేశారండి," అంది సత్యవేణి నవ్వుతూ. "ఇంకెవరికీ తెలీదు."

"ఆపేశారని తెలుసు."

ఆమె జరిగి అతని చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. అతను నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"ఏం కాదండీ. అది కదలడం. డాక్టరమ్మ చెప్పింది కదా."

"చెప్పింది. ఆవిడ చెప్పిందంతా నిజవే. నేను కాదంటన్నానా? నా పని మీటర్లు చూడ్డవే వేణీ. ముల్లు ఎర్రగీత దాటిందంటే వాల్వు కట్టేస్తాను. ఎందుకు దాటిందని ఆలోచించను. ఆలోచించేలోపు అమ్మోనియా గ్యాసు బయటికొచ్చి అందర్నీ చంపేస్తది. ఇన్నేళ్ళూ చేతులకి అదే నేర్పాను. ఆ రోజు నా కళ్ళతో ఎరుపు చూశాను. నా వల్లొచ్చిన ఎరుపు. అది తప్పని బుర్ర ఒప్పుకుంది. చేతులు ఒప్పుకోవట్లేదు."

"ఒక్కరోజులో ఒప్పుకోమనలేదు నేను. ఊరికే ఇక్కడ కూచోండి. నా పక్కన. అంతే."

"మీటరు లేకుండా నేను కూచోలేను."

బల్ల మీద చుట్టి పెట్టి ఉన్న నడికట్టును తీసుకున్నాడు. ముడతలు విప్పి, అరచేత్తో సాపుచేసి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

"కట్టుకోవే. అమ్మ కోసం కాదు. నా కోసం. కాన్పయ్యేదాకా."

"కట్టుకుంటే మీరు ఉంటారా?"

అతను ఆమె మొహం కేసి చూశాడు. చాలా ప్రేమగా చూశాడు. అందులో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అదే ఆమెకు దిక్కుతోచకుండా చేసింది. అత్తగారితో అయితే వాదించవచ్చు. పెద్దాయనకు అయితే నచ్చచెప్పవచ్చు. ఈ ప్రేమతో ఏం మాట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"పచ్చగా ఉందా లేదా అని బయటినుంచి చూస్తా ఉంటాను," అన్నాడు.

పరుపును చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆమె అతని చొక్కా అంచు పట్టుకుంది. అతను ఆ వేళ్ళను ఒక్కొక్కటే, నొప్పి కలగకుండా, విడిపించాడు. గుమ్మం దాటి వెనక్కి తిరిగి, తలుపు రెక్కలు రెండూ పట్టుకుని, లోపలున్న బిడ్డ ఎక్కడ ఉలిక్కిపడుతుందో అన్నట్టు, ఏ చప్పుడూ లేకుండా దగ్గరికి మూసేశాడు.